ఎవరూ నాటని స్కీలు

"ఆ బిళ్ళ తిప్పింది నేనే," అన్నాడు దోన్ అన్సెల్మో, మూడోసారి. "ఎన్నిసార్లడిగినా అదే చెప్తానమ్మాయ్. రాసుకో."

నేను రాసుకోలేదు. ముప్ఫై ఏళ్ళ క్రితం నాకు స్కీ నేర్పబోయి, చేతులెత్తేసి, "నువ్వు చదువుకోవే తల్లీ" అని ఇంటికి పంపేసిన మనిషి ఆయన. అలాంటి మనిషి నేరం ఒప్పుకుంటుంటే కలం అంత తొందరగా కదలదు.

శనివారం పొద్దున పదీ పది. పియెద్ర సోలా కొండ మీద స్కీ గస్తీ వాళ్ళ గదిలో ముగ్గురం కూర్చున్నాం. బల్లకి అటు అన్సెల్మో. ఇటు నేను, ఎల్సిరా కాయున్, కింద ఊరి పోలీస్ ఇన్‌స్పెక్టర్ని. నా పక్కన సబ్ కమిషనర్ రోకె ఇరుస్తా, ప్రావిన్సు రాజధాని నుంచి దిగాడు. వయసులో నాకంటే పదేళ్ళు చిన్న, హోదాలో రెండు మెట్లు పైన. వాంగ్మూలం ముందే టైపు చేయించి వెంట తెచ్చుకున్నాడు. సంతకం ఒక్కటే తక్కువ.

"ఒప్పుకుంటున్నాడుగా మేడమ్, ఇంకా ఏం తవ్వుతారు?" అన్నాడు ఇరుస్తా, కాగితం ముందుకి జరుపుతూ.

"ఒప్పుకుంటున్నాడు కాబట్టే తవ్వుతున్నా సార్."

జరిగింది ఇది. ఈ కొండ మీద రోజూ నాలుగున్నరకి జనాన్ని పైకి మోసే లిఫ్టులు ఆగిపోతాయి. అప్పుడు గస్తీ వాళ్ళు ఇద్దరిద్దరుగా పైనుంచి కిందికి వాలులన్నీ ఊడ్చుకుంటూ దిగుతారు. చెత్త కాదు, మనుషుల్ని ఊడుస్తారు. ఎక్కడైనా ఎవరైనా పడి ఉన్నారా, దారి తప్పారా, అలిసి కూర్చుండిపోయారా అని ప్రతి మలుపూ చూసి, కేకేసి, జవాబు రాలేదని నమ్మకం కుదిరాకే కదులుతారు. కిందికొచ్చిన వాళ్ళు గోడ మీది బోర్డులో తమ పేరున్న బిళ్ళని ఎరుపు నుంచి తెలుపుకి తిప్పుతారు. ఎవరి బిళ్ళ వాళ్ళే తిప్పుకోవాలి. ఇంకొకరిది ముట్టుకుంటే ఊరుకోరు. అన్నీ తెల్లబడితే కొండ ఖాళీ అయినట్టు.

నిన్న శుక్రవారం నాలుగూ యాభైకి బోర్డంతా తెలుపే. మైతేన్ ఒయార్సో బిళ్ళ కూడా. కానీ మైతేన్ కిందికి రాలేదు. కూతురింకా ఇంటికి చేరలేదేమని వాళ్ళమ్మ ఆరున్నరకి ఫోన్ చేసేదాకా ఎవరికీ అనుమానమే రాలేదు. ఏడూ పదికి దొరికింది. ఎంబూదో అనే వాలులో, ఛాతీ దాకా మంచులో కూరుకుపోయి, మొహం మాత్రం బయటికి ఉండి, స్పృహ లేకుండా. ఇరవై ఆరేళ్ళ పిల్ల. పైనుంచి మంచు చరియ విరిగి మీద పడింది. ఇప్పుడు కింద ఆసుపత్రిలో ఉంది, సాయంత్రం దాకా ఏమీ చెప్పలేమన్నారు డాక్టర్లు.

ఎంబూదోని గురువారమే తాడు కట్టి మూసేశారు. పైన మంచు పలక వదులుగా ఉందని. మూసేసిన వాలులోకి గస్తీ పిల్ల ఎందుకు వెళ్ళినట్టు? ఇరుస్తా కాగితంలో దానికి జవాబు తయారుగా ఉంది. ఎవరూ తొక్కని కొత్త మంచు మీద సరదాగా జారడానికి వెళ్ళిందట. ఆ సరదా బయటపడకుండా ఊడ్పులో ఆమె జోడీ అయిన ముసలాయన బిళ్ళ తిప్పేశాడట. దాని మీద సంతకం పడితే ముప్ఫై ఒక్క చలికాలాల ఉద్యోగం పోతుంది, కేసు పడుతుంది. అన్సెల్మో మొహంలో దాని భయం లేదు. ఆయన్ని తినేస్తున్నది వేరే.

"జైలు సంగతి వదిలెయ్," అన్నాడు నాతో, ఇరుస్తా ఫోన్ మోగి వరండాలోకి వెళ్ళగానే. "ఒక్కటి చెప్పు. ఆ పిల్లని నేనే చంపానా?"

"బతికే ఉంది దోన్ అన్సెల్మో."

"బిళ్ళ ఎర్రగా ఉండుంటే అయిదింటికే వెతికేవాళ్ళు. రెండు గంటలమ్మాయ్. ఆ చలిలో రెండు గంటలు."

ఆయన మాతె టీ ఆకు వేసిన కప్పు అందుకుని వేడినీళ్ళు పోశాడు. బొటనవేలు కప్పు అంచుకి ఆనించి పోశాడు. అయినా ధార కొంచెం పక్కకి పోయి బల్ల మీద పడింది. తుడవలేదు. పడినట్టు ఆయనకి తెలియలేదు.

"ఎదురు గోడ మీద గడియారం ఎంతయిందో చూడండి, నా వాచీ ఇంట్లో మర్చిపోయాను," అన్నాను.

తలెత్తి చూశాడు. "పదింబావు అవుతోంది."

ఆ గడియారం పోయిన వారమే రిపేరుకి వెళ్ళింది. మేకుకి వేలాడుతున్నది ఎవరిదో తెల్ల హెల్మెట్.

"అది హెల్మెట్," అన్నాను. కప్పు కింద పెట్టి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు, బడిలో దొరికిపోయిన పిల్లాడిలా.

"ఎప్పట్నించి?"

"జూన్ నించి, ఈ చలికాలం మొదలైనప్పట్నించి. ఎండ కాస్తే పర్వాలేదు, నీడలు పడతాయి కాబట్టి గుంటా మిట్టా తెలుస్తాయి. మబ్బు పట్టిందా, అంతా పాలే. నేలేదో ఆకాశమేదో తెలీదు. రంగులు కూడా ఆనడం లేదు."

"మైతేన్‌కి తెలుసా?"

"మొదటి వారంలోనే కనిపెట్టేసింది, గడుసుది. మబ్బున్న రోజుల్లో నా సగం కూడా తనే ఊడ్చేది. నన్ను తేలిక దారమ్మట ముందు పంపేసేది. ఇద్దరం కలిసి వచ్చినట్టుండాలని రెండు బిళ్ళలూ నేనే తిప్పేవాణ్ణి. అయిదు నిమిషాలకల్లా వెనకే దిగేది. నిన్నా అలాగే వస్తుందనుకున్నా. నా బస్సు అయిదింటికి. ఎక్కేసి వెళ్ళిపోయా." కప్పు పక్కకి జరిపాడు. "నేనేమీ అడగలేదమ్మాయ్. తనే అంది, 'సెప్టెంబరు దాకా మీ కళ్ళు నా దగ్గరుంటాయి, తర్వాత మర్యాదగా రిటైరైపోండి' అని."

ఇంతకంటే పెద్ద తప్పు ఈ కొండ మీద లేదు. ఇంతకంటే చిన్న దురుద్దేశంతో చేసిన తప్పు నా ఉద్యోగంలో నేను చూడలేదు. నాకు ఆయన మీద కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగేసి లేచాను.

వరండాలో ఇరుస్తా ఫోన్ పెట్టేసి నాకే ఎదురొచ్చాడు.

"పన్నెండింటికి ఎంబూదో పైన మిగిలిన పలకని మందుపెట్టి పేల్చేస్తారు. రెండింటికి వాలు తెరుస్తారు. సెలవుల శనివారం, జనం ఎలా ఉన్నారో చూశారుగా. స్థలంతో నా పని అయిపోయిందని రాసిచ్చేశాను."

"నేనింకా చూడలేదు."

"ఫోటోలున్నాయి."

"మీ పెళ్ళి కూడా ఫోటోలు చూసే చేసుకున్నారా సార్?"

వరండా చివర స్కీలకి మైనం పూస్తున్న పిల్ల ఒకతి కిసుక్కున నవ్వింది. ఆమె గస్తీ పిల్లే, పేరు ఇసౌరా, నిన్న మైతేన్ దగ్గరికి ముందు చేరింది ఆమే. ఇరుస్తా నవ్వలేదు. "పన్నెండు దాకా మీ ఇష్టం," అన్నాడు. "తర్వాత ఆయన సంతకం నాది."

పదీ నలభై. నాకున్నది గంటా ఇరవై.

స్కీల స్టాండు దగ్గర ఆగాను. మైతేన్ స్కీలు అక్కడే ఉన్నాయి, పసుపు రంగువి, కొసన ఆకుపచ్చ టేపు చుట్టినవి. వాటి మీద ఒక్క గీత లేదు. చరియలో కొట్టుకుపోయిన మనిషి కాళ్ళకున్న స్కీలు ఇంత నిగనిగలాడుతూ తిరిగి రావు.

గస్తీ పెద్ద దార్దోని పిలిచాను. నలభై ఏళ్ళ మనిషి, రాత్రి నిద్ర లేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"ఇవి ఎక్కడ దొరికాయి?"

"ఎంబూదోలోనే. పెద్ద రాయికి ఎగువన మంచులో అడ్డంగా నాటి ఉన్నాయి." రెండు చూపుడువేళ్ళు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టి చూపించాడు. అది కొండ మీద అందరికీ తెలిసిన గుర్తు. ఇక్కడ గాయపడ్డ మనిషున్నాడు, చూసుకుని రండి అని. "వాటిని చూసే కదా మేం అటెళ్ళింది. అక్కణ్ణించి లైటు వేస్తే కింద మైతేన్ మొహం కనబడింది."

"ఎంత కింద?"

"అరవై మీటర్లుంటుంది."

"గాయపడ్డ మనిషికి అరవై మీటర్ల దూరంలో నాటతారా?"

"సాయంత్రం చీకటి పడుతోంది మేడమ్, ఎవరు కొలిచారు? దొరికిన చోట నాటేసి ఉంటుంది."

"ఎవరు?"

"ఇసౌరా. నాకంటే ముందు చేరింది తనే."

మైనం డబ్బా మూత పెడుతున్న ఇసౌరా తలెత్తింది. "నేనా? నేను వెళ్ళేసరికే ఉన్నాయవి. నువ్వు పక్క దారిలో వచ్చి నాటావనుకున్నా."

"నేను నాటలేదు."

"మరి?"

"స్ట్రెచర్ వాళ్ళేమో."

"వాళ్ళు మన తర్వాత పావుగంటకి కదా వచ్చారు, దార్దో."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను ఇంకో ప్రశ్న వేశాను. "వాటిని తీసుకొచ్చింది ఎవరు?"

"నేనే," అన్నాడు దార్దో, ఇప్పుడు గొంతు తగ్గించి. "మనిషిని దించేశాక నాటిన స్కీలు వదిలేసి రాకూడదు. అది మాకు ఒంటికి పట్టేసిన అలవాటు. వదిలేస్తే వెనకొచ్చేవాళ్ళు అక్కడ ఇంకెవరో..." 

ఆ పసుపు స్కీల వైపు తిరిగాడు.

ఇంకా రెండు ముక్కలు అతకాలి. మైతేన్ ఒంటి మీద ఎర్ర జాకెట్ లేదు, లోపలి స్వెటర్‌తోనే దొరికింది. బీకన్ కూడా లేదు. మంచు కింద పడ్డ మనిషి ఎక్కడున్నాడో కూత పెట్టి చెప్పే చిన్న యంత్రం అది, గస్తీ వాళ్ళు జాకెట్ లోపల ఛాతీకి కట్టుకుంటారు.

"పెట్టుకోలేదు, అంతే," అన్నాడు ఇరుస్తా వెనక నుంచి. ఎప్పుడొచ్చాడో. "ఇంకో నిబంధన గాలికొదిలేసింది. చలికి మతిపోయిన వాళ్ళు బట్టలు విప్పేసుకుంటారు, ఏ డాక్టర్నడిగినా చెప్తాడు."

"పెట్టుకుంది!" ఇసౌరా మీదికొచ్చింది. "నిన్న పొద్దున ఒక్కొక్కరం తలుపు దాటుతుంటే కూత విని బయటికి పంపింది నేను. ఆమెది మోగింది. చరియలో తెగి పోయుంటుంది."

"రాత్రి మీ బీకన్లతో వెతికారా?"

"మనిషి కళ్ళెదుట కనబడుతుంటే యంత్రంతో వెతికేదెవరు మేడమ్?"

నేను పరుగు లాంటి నడకతో గదిలోకి వెళ్ళాను. వెనకే ముగ్గురూ. అన్సెల్మో వదిలి వెళ్ళిన చోటే కూర్చుని ఉన్నాడు.

"దోన్ అన్సెల్మో, రాత్రి మీరక్కడ లేరు కదా. ఆమెని ఎలా తీశారో ఎవరైనా చెప్పారా?"

"నా మొహం చూసి ఎవరు మాట్లాడతారు? మంచులో దొరికిందన్నారు, అంతే."

"ఆమె స్కీలు పెద్ద రాయి దగ్గర అడ్డంగా నాటి ఉన్నాయి, మేం నాటలేదంటున్నారు అందరూ. బీకన్ ఆమె ఒంటి మీద లేదు."

ఆయన కనుబొమలు దగ్గరయ్యాయి. "జాకెట్?"

"అదీ లేదు."

కుర్చీ వెనక్కి పడిపోయింది. ఆ వయసు మనిషి అంత వేగంగా లేవగలడని నేననుకోలేదు.

"తెగిపోలేదు. ఇచ్చింది. ఎవరికో ఇచ్చింది!"

"మళ్ళీ మొదలెట్టకండి దోన్ అన్సెల్మో," అని దార్దో అనబోతే ఆయన చెయ్యెత్తి ఆపేశాడు.

"నీకు చెప్తే పుస్తకంలో లేదన్నావు. పుస్తకంలో లేదు నిజమే! పంతొమ్మిదేళ్ళ క్రితం కాలు విరిగిన వాణ్ణి ఒకణ్ణి వదిలి సాయం కోసం దిగాను. తిరిగొచ్చేసరికి గాలి, మంచు, పక్క మనిషి కనబడని తెలుపు. ఎక్కడ వదిలానో దొరకలేదు. మూడో రోజు దొరికాడు. అప్పట్నించీ నా దగ్గర నేర్చుకున్న వాళ్ళందరికీ ఒకటే చెప్తాను. గాయపడ్డ మనిషిని వదలకూడదు. వదలక తప్పకపోతే, కూత పెట్టేది వాడి దగ్గర పెట్టి వదులు. అందరూ నవ్వారు. మైతేన్ నవ్వలేదు."

"ఆ మనిషినెందుకు వదలాల్సొచ్చింది? రేడియో ఉందిగా," అన్నాడు ఇరుస్తా.

"ఆ రాయి వెనక రేడియో చచ్చిపోతుంది బాబూ. కొంచెం బయటికి నడిచి వెళ్ళి మాట్లాడాలి. వెళ్ళింది. అప్పుడే పైనుంచి వచ్చిపడింది." అన్సెల్మో నా వైపు తిరిగాడు, కళ్ళు నా భుజం దగ్గరెక్కడో ఆగాయి. "సరదాకి పోలేదమ్మాయ్, స్కీలు నాటింది తనే. ఆ రాయి దగ్గర ఇంకొకరున్నారు."

పదకొండూ అయిదు.

ఇరుస్తా వేళ్ళ మీద లెక్క చెప్పాడు. కొండ మీద ఎవరూ తప్పిపోలేదు, నిన్న సాయంత్రం కార్లు నిలిపే చోట ఒక్క కారు మిగల్లేదు, ఏ హోటలూ ఫిర్యాదు ఇవ్వలేదు. "లేని మనిషి కోసం ఆ పలక కిందికి ఎవర్ని పంపుతారు? ఎవరూ దొరక్కపోతే రాజీనామా రాస్తారా?"

"కాగితం మీ దగ్గరే ఉందిగా, వెనక వైపు ఖాళీ," అన్నాను. "దార్దో, పేల్చే వాళ్ళని ఆపు."

దార్దో రేడియో తీసి శిఖరం మీదున్న ఇద్దరికీ చెప్పేశాడు, తను చెప్పేదాకా ముట్టించొద్దని. తర్వాత నా వైపు చూసి నిజం చెప్పాడు. "పేల్చకుండా ఆ పలక కింద అడుగు పెట్టకూడదు మేడమ్. పన్నెండింటికి ఎండ నేరుగా దాని మీద పడుతుంది. తర్వాత మందు అక్కర్లేదు, అదే దిగుతుంది. వెళ్తే పన్నెండు లోపు బయటికొచ్చెయ్యాలి. ఎవర్నీ బలవంతం చెయ్యను."

ఇసౌరా అప్పటికే బూట్లు బిగించుకుంటోంది. "మైతేన్ ఎవర్నడిగి వెళ్ళింది?" అంది, అంతే.

"నేనూ వస్తా," అన్నాడు అన్సెల్మో. "ఇవాళ ఎండుంది."

వద్దనడానికి నోరు తెరిచాను. ఆయన మొహం చూసి చేతి తొడుగులు అందించాను.

నాకు స్కీ రాదు కాబట్టి గాయపడ్డ వాళ్ళని దించే స్లెడ్జిలో నన్ను మూటలా కట్టి తీసుకెళ్ళారు. పోలీసు శాఖ పరువు గురించి ఆ పది నిమిషాలూ ఆలోచించకుండా ఉండటానికి ప్రయత్నించాను. ఇరుస్తా కూడా వచ్చాడు. అందరికంటే నున్నగా జారాడు, నా ఖర్మ.

పదకొండూ ముప్ఫై అయిదుకి రాయి దగ్గర ఉన్నాం. ఇంటంత రాయి. దాని ఎడమ పక్క నుంచి చరియ వెళ్ళిన జాడ, దున్నిన పొలంలా గడ్డలు గడ్డలుగా. రాయి కింది భాగాన మంచు పేరుకుని గోడ కట్టేసింది. పైన చూస్తే మిగిలిన పలక, దాని అంచు మీదికి ఎండ అప్పుడే పాకుతోంది. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

ముగ్గురూ తమ బీకన్లని వెతికే వైపుకి తిప్పారు. ఇసౌరా, దార్దో తెర మీది అంకెలు చూస్తూ చెరో వైపు కదిలారు. అన్సెల్మో అంకెలు చూడలేదు. యంత్రం చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని, అడుగులో అడుగు వేస్తూ రాయి చుట్టూ తిరిగాడు.

"ష్," అన్నాడు.

నాకూ వినబడింది. కీచుమని ఒక చిన్న కూత. ఆగి, మళ్ళీ. ఇంకో అడుగుకి రెండు కూతలు దగ్గరయ్యాయి. ఆయన మోకాళ్ళ మీద కూలబడి మంచు గోడ మీద అరచెయ్యి పెట్టాడు.

"ఇక్కడ."

పారలు దిగాయి. ఇరుస్తా అందరికంటే ముందు కోటు విప్పి పార అందుకున్నాడు, ఆ మాట చెప్పకపోతే నాది అన్యాయం. ఎనిమిది నిమిషాలు. పదకొండూ నలభై ఆరుకి పార కొస గాల్లోకి దూసుకుపోయింది. గోడ వెనక రాయి కింద చిన్న గుహలా ఖాళీ. అందులో ఒక ఎర్ర జాకెట్, దాని కింద తళతళలాడే దుప్పటి, దాని లోపల ఒక మనిషి.

ఆడమనిషి. అరవై ఏళ్ళుంటాయి. పెదాలు నీలంగా, కనురెప్పల మీద మంచు పొడి. కళ్ళు తెరిచి మమ్మల్ని చూసింది.

"అమ్మాయేదీ?" అంది. స్పానిష్ కాదు, బ్రెజిల్ వాళ్ళ మాట, కానీ అర్థమైంది. "ఎర్ర కోటు అమ్మాయి. నలభై అడుగులు వేసి వచ్చేస్తానంది. రాత్రంతా లెక్కపెట్టా. నలభై అవగానే మళ్ళీ ఒకటి నించి."

అన్సెల్మో లోపలికి పాకి ఆమె చేతులు తన చేతుల్లోకి తీసుకున్నాడు. "ఆ అమ్మాయి పంపితేనే వచ్చామమ్మా," అన్నాడు. "కొంచెం ఆలస్యమైంది. క్షమించు."

"రాత్రి మాటలు వినబడ్డాయి. అరిచాను. మీకు వినబళ్ళేదు."

దార్దో మొహం అవతలికి తిప్పుకున్నాడు. ఇసౌరా ఏడుస్తూనే ఆమె కాలికి చెక్కబద్దలు కట్టింది.

ఆవిడ పేరు సులేదే. వేడి తప్ప చలి ఎరగని ఊళ్ళో దర్జీ పని చేస్తుందట, చచ్చేలోపు మంచు చూడాలని ఒంటరిగా బయల్దేరింది. సరంజామా అంతా బస్సులోనే, రాత్రికి వేరే ఊరు ప్రయాణం. ఆ బస్సు ఎవరి కోసమూ ఆగదు, అందుకే ఏ హోటలూ ఆమెని వెతకలేదు. జాకెట్ వద్దు, ఆ పిల్లకి చలేస్తుంది, తనకివ్వండి అంటూ స్లెడ్జిలో కట్టేదాకా గొడవ చేసింది. మైతేన్ ఆసుపత్రిలో ఉందని చెప్పి ఒప్పించాం.

అన్సెల్మో స్లెడ్జి ముందు పిడులు పట్టుకుని నిలబడ్డాడు. గాయపడ్డ వాళ్ళని దించేటప్పుడు ముందు పిడులు పట్టేది గస్తీలో అందరికంటే నమ్మకమైన మనిషి. ఎవరూ ఆయనకి అడ్డు చెప్పలేదు. వంగిపోయి ఉన్న ఆ వీపు పొద్దుట్నించీ మొదటిసారి నిటారుగా కనబడింది. మైతేన్ పేరు మీద పడిన మచ్చ పోయింది. ఈయన నేర్పిన ఒక్క మాటే ఒక ప్రాణం నిలబెట్టింది. బిళ్ళ తప్పు తప్పే, అది రాయక తప్పదు. కానీ ఇది కూడా దాని పక్కనే రాస్తాను. అలా అనుకుని నేను ఊపిరి తీసుకుంటుండగా ఇరుస్తా పుస్తకం తీశాడు. ఈసారి అడిగే తీరులో మర్యాద ఉంది.

"ఒక్క ప్రశ్న అమ్మా. స్కీలు లేకుండా, నడిచి, ఈ వాలులోకి ఎలా వచ్చారు? తాడు కట్టి ఉందిగా."

"కుర్చీ లిఫ్టులో పైకెక్కా. దిగేటప్పుడు కిందికి చూస్తే కళ్ళు తిరిగాయి నాయనా. మళ్ళీ అది ఎక్కలేక నడిచి దిగిపోదామనుకున్నా. దారి తెలీక నిలబడితే మీవాళ్ళే ఒకాయన తాడెత్తి పట్టుకున్నాడు. 'ఇటెళ్ళండి సెన్యోరా, ఇది తేలిక దారి, ఎక్కడా భయం లేదు' అన్నాడు. ఎంత మంచిగా మాట్లాడాడో."

"మావాళ్ళా? ఎర్ర కోటా?"

"ఎర్ర కోటే." ఆమె తల కొంచెం పైకెత్తింది. ముందు పిడుల మధ్య నిలబడ్డ మనిషి వెనక్కి తిరిగి వింటున్నాడు. ఎండ ఆయన మొహం మీద పడింది. సులేదే మొహం విప్పారింది.

"అయ్యో, ఈయనే! ఈ పెద్దాయనే! మళ్ళీ మీరే వచ్చారా నా కోసం?"

కట్ల మధ్య నుంచి చెయ్యి ఎలాగో బయటికి లాగి ఆయన చేతి తొడుగు పట్టుకుని ముద్దు పెట్టుకుంది.

అన్సెల్మో ఆమె మీదికి వంగాడు. చాలా నెమ్మదిగా అడిగాడు. "ఎన్నింటికమ్మా అది?"

"నాలుగుంబావు అయ్యుంటుంది. మబ్బుగా ఉంది."

"తాడుకి జెండాలు ఉంటాయి. ఏ రంగువి?"

"నారింజ రంగు. గుర్తుంది, మా ఇంటి పరదాల రంగు."

తేలిక దారి తాడుకి ఆకుపచ్చ జెండాలుంటాయి. నారింజవి మూసేసిన వాలుకి కడతారు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు, ఒక్క సులేదేకి తప్ప. ఇరుస్తా కలం పుస్తకం మీద ఆగిపోయింది. నా వైపు చూశాడు. ఏం చెయ్యమంటారని అడిగినట్టే ఉంది ఆ చూపు.

"పదకొండూ యాభై మూడు," అన్నాడు దార్దో గొంతు సవరించుకుని. పైన ఎండ పలక సగం దాకా వచ్చేసింది. "పదండి దోన్ అన్సెల్మో. మీరు ముందు పట్టండి, మేం వెనక పడతాం."

ముసలాయన పిడుల మధ్య నుంచి బయటికి వచ్చి పక్కకి నిలబడ్డాడు.

"నువ్వు పట్టు దార్దో," అన్నాడు, అందరికీ వినబడేలా. "నాకు కళ్ళు కనబడవురా."

దార్దో ఒక్క క్షణం ఆయన్ని చూసి పిడుల మధ్యకి వెళ్ళాడు. స్లెడ్జి కదిలింది. సులేదే వెనక్కి తిరిగి ఆయనకి చెయ్యి ఊపుతూనే ఉంది. అన్సెల్మో స్కీలు విప్పేసి గాల్లోకి చెయ్యి చాపాడు. నేను వెళ్ళి నా భుజం అందించాను. ఇద్దరం మంచులో మోకాళ్ళ దాకా కూరుకుపోతూ, వీలైనంత వేగంగా, వాళ్ళ వెనకే దిగడం మొదలుపెట్టాం.